చెప్పాడు, అనుకున్నాను తర్వాత హ్యాడ్ ఎప్పుడు పెట్టాలి? పాస్ట్ పర్‌ఫెక్ట్‌కు సమగ్ర మార్గదర్శి

అనంతపురంలో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులకు వచ్చేవాళ్లు హ్యాడ్ విషయంలో రెండు రకాలుగా ఉంటారు. కొందరు దాని జోలికే పోరు. ఇంకొందరు పాత సంగతి ఏది చెప్పినా హ్యాడ్ తగిలిస్తారు: ‘ఐ హ్యాడ్ గాన్ టు కర్నూల్ యెస్టర్డే.’ ఈ రెండో తప్పుకు మూలం మన మాటలోనే ఉందని నా అనుమానం. సీమలో ‘నిన్న కర్నూలుకు పోయింటి’ అంటాం. పోయి ఉంటిని అనేది కుదించుకుని పోయింటి అయింది. దానికి ఇంగ్లీషులో దగ్గరగా కనిపించేది హ్యాడ్ గాన్, అందుకే నోటికి అదే వస్తుంది. అయితే మనం పోయింటిని ఒంటరిగా కూడా వాడేస్తాం. ఇంగ్లీషులో హ్యాడ్ గాన్ ఒంటరిగా నిలవదు. దాని పక్కన ఇంకో గతం ఉండాలి, ఇది దానికంటే ముందు జరిగి ఉండాలి. ఈ హ్యాడ్ రూపాన్నే పాస్ట్ పర్‌ఫెక్ట్ అంటారు. నిన్న కర్నూలు వెళ్లొచ్చిన సంగతి ఒక్కటే చెప్పాలంటే ‘ఐ వెంట్ టు కర్నూల్ యెస్టర్డే’ చాలు.

ఆ పక్కనుండే గతం చాలాసార్లు ఒక చెప్పడమో, ఒక అనుకోవడమో అయి ఉంటుంది. చెప్పాడు, ఒప్పుకున్నాడు, అనుకున్నాను, గుర్తొచ్చింది, తెలిసింది. వీటి తర్వాత హ్యాడ్ ఎక్కడ తప్పనిసరి, ఎక్కడ ఐచ్ఛికం, ఎక్కడ పెడితే అర్థం మారిపోతుంది అన్నది మెట్టు మెట్టుగా చూద్దాం.

మొదటి మెట్టు: చెప్పడం ఏ కాలంలో ఉంది?

ముందు వాక్యంలో చెప్పే క్రియను వెతికి పట్టుకోండి. సెడ్, టోల్డ్, కంప్లెయిన్డ్, ఎక్స్‌ప్లెయిన్డ్, అడ్మిటెడ్, డినైడ్ లాంటివి చెప్పేవి. థాట్, న్యూ, రియలైజ్డ్, రిమెంబర్డ్, నోటిస్డ్, ఫౌండ్ అవుట్ లాంటివి మనసులో జరిగేవి. రెండింటికీ సూత్రం ఒకటే.

ఆ క్రియ వర్తమానంలో ఉంటే దాదాపుగా పని అయిపోయినట్టే, హ్యాడ్ అక్కర్లేదు. ‘మై మదర్ సేస్ దట్ ద వాటర్ ట్యాంకర్ కేమ్ ఇన్ ద మార్నింగ్.’ అమ్మ ఇప్పుడు చెబుతోంది, ట్యాంకర్ పొద్దున వచ్చింది. గతం ఒక్కటే ఉంది కాబట్టి కేమ్ చాలు. సేస్ కాస్తా సెడ్ అయితేనే రెండు గతాలు ఏర్పడతాయి, అప్పుడే మనకు రెండో మెట్టు అవసరం.

ఈ లెక్కకు లొంగనిది విష్. ‘ఐ విష్ ఐ హ్యాడ్ టేకెన్ ద ఎర్లీ బస్’ అంటే పొద్దున బస్సుకే వచ్చి ఉంటే బాగుండేది అని. విష్ వర్తమానంలోనే ఉంది, అయినా జరగని గతం గురించి బాధపడుతున్నాం కాబట్టి హ్యాడ్ వచ్చింది. దీన్ని విడిగా గుర్తుపెట్టుకోండి, మిగతా వాటితో కలపొద్దు.

రెండో మెట్టు: ‘అప్పటికే’ పరీక్ష

ఇదే అసలైన మెట్టు. ఇక్కడ తొందర వద్దు.

తెలుగులో ఎవరి మాటైనా చేరవేసేటప్పుడు ‘అని’కి ముందు ఆ మాటను ఉన్నదున్నట్టు పెట్టేస్తాం. బస్టాండులో కంట్రోలర్ ‘తాడిపత్రి బస్సు పోయింది’ అన్నాడనుకోండి. మనం ఇంటికొచ్చి ‘తాడిపత్రి బస్సు పోయింది అని చెప్పినాడు’ అంటాం. పోయింది అనే మాట కంట్రోలర్ నోట్లో ఎలా ఉందో మన నోట్లోనూ అలాగే ఉంటుంది. ఇంగ్లీష్ అలా ఊరుకోదు. చెప్పిన సమయానికి ఆ పని ముందు జరిగిందా, అప్పుడే జరుగుతోందా, తర్వాత జరగబోతోందా అని లెక్క వేసి కాలాన్ని మార్చి పెడుతుంది.

అదే బస్సుతో మూడు వాక్యాలు చూడండి. ‘బస్సు పోయింది అన్నాడు’ అంటే ‘హి సెడ్ ద బస్ హ్యాడ్ లెఫ్ట్.’ ‘బస్సు పోతా ఉంది అన్నాడు’ అంటే ‘హి సెడ్ ద బస్ వాజ్ లీవింగ్.’ ‘బస్సు పోతుంది అన్నాడు’ అంటే ‘హి సెడ్ ద బస్ వుడ్ లీవ్.’ మొదటి వాక్యంలో ‘బస్సు అప్పటికే పోయింది’ అని అప్పటికే చేర్చి చదవొచ్చు. రెండో, మూడో వాక్యాల్లో అది ఇమడదు. పరీక్ష ఇంతే. మీ తెలుగు వాక్యంలో అప్పటికే గానీ, అంతకుముందు గానీ చేర్చి చూడండి. అర్థం చెడకుండా ఇమిడితే హ్యాడ్ పెట్టండి, ఇమడకపోతే వద్దు.

ఈ పరీక్ష ఎందుకు ముఖ్యమంటే, కొన్నిచోట్ల హ్యాడ్ ఉండటం లేకపోవడం వల్ల ఏకంగా వేరే కథ అయిపోతుంది. ఒక ఉద్యోగి సోమవారం ఆఫీసుకు ఫోన్ చేసి ఒంట్లో బాగలేదని చెప్పాడు. మంగళవారం వచ్చాక, వారం కిందట కూడా బాగలేక రాలేకపోయానని చెప్పాడు. ఈ రెండు సంగతులూ మేనేజరుకు రాయాలి.

మొదటిది: ‘ఆన్ మండే హి సెడ్ దట్ హి వాజ్ ఇల్.’ ఫోన్ చేసిన వేళకే జబ్బు ఉంది.

రెండోది: ‘ఆన్ ట్యూజ్‌డే హి సెడ్ దట్ హి హ్యాడ్ బీన్ ఇల్ ద వీక్ బిఫోర్.’ చెప్పే వేళకు జబ్బు తగ్గిపోయింది.

రెండో చోట ద వీక్ బిఫోర్ కూడా తీసేసి చూడండి. ‘హి సెడ్ దట్ హి హ్యాడ్ బీన్ ఇల్’ అన్నా సరే, జబ్బు పాతదని తెలిసిపోతుంది. ‘హి సెడ్ దట్ హి వాజ్ ఇల్’ అంటే మాత్రం చదివేవాళ్లు ఆ రోజే జ్వరంతో వచ్చాడనుకుంటారు. వాజ్, వర్, న్యూ, లివ్డ్, వర్క్డ్, వాంటెడ్ లాంటి ఉండే క్రియలతో ఈ చిక్కు ఎక్కువ. ‘షి టోల్డ్ మి దట్ షి లివ్డ్ ఇన్ గుంతకల్’ అంటే చెప్పేనాటికి ఆమె ఇల్లు గుంతకల్లులోనే ఉంది. ‘షి టోల్డ్ మి దట్ షి హ్యాడ్ లివ్డ్ ఇన్ గుంతకల్’ అంటే ఒకప్పుడు ఉన్నింది, చెప్పేనాటికి లేదని సాధారణంగా అర్థమవుతుంది. పెళ్లిచూపుల్లోనో, ఇంటర్వ్యూలోనో దీన్ని తారుమారు చేస్తే సర్దుకోవడానికి ఇంకో పది వాక్యాలు ఖర్చవుతాయి.

వెళ్లడం, రావడం, విరగడం, దొరకడం లాంటి ఒక్కసారిగా జరిగిపోయే పనులతో ఇంత ప్రమాదం లేదు. ‘హి సెడ్ ద బస్ లెఫ్ట్’ అన్నా జనం అర్థం చేసుకుంటారు.

మూడో మెట్టు: రూపం కట్టడం

హ్యాడ్ తర్వాత క్రియ మూడో రూపం. హ్యాడ్ గాన్, హ్యాడ్ కమ్, హ్యాడ్ సీన్, హ్యాడ్ రిటెన్, హ్యాడ్ ఫర్‌గాటెన్. హ్యాడ్ వెంట్, హ్యాడ్ కేమ్, హ్యాడ్ సా అనేవి మన దగ్గర చెవి పగిలేలా వినిపిస్తాయి గానీ అవి తప్పు. కర్త ఎవరైనా హ్యాడ్ మారదు. లేదు అని చెప్పాలంటే హ్యాడ్ నాట్, నోటి మాటలో హ్యాడంట్. పని ఎవరో చేయగా జరిగింది అనాలంటే మధ్యలో బీన్ రావాలి. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు, మొదట గుత్తిలో పాతిపెట్టి తర్వాత మద్రాసుకు తరలించారు. గుత్తి చూసొచ్చి ఈ ముక్క చెప్పాలంటే: ‘ద గైడ్ టోల్డ్ అజ్ దట్ మన్రో హ్యాడ్ డైడ్ ఎట్ పత్తికొండ అండ్ హ్యాడ్ బీన్ బరీడ్ ఎట్ గుత్తి ఫస్ట్.’ చనిపోవడానికి బీన్ అక్కర్లేదు, పాతిపెట్టడానికి కావాలి.

రెండుసార్లు హ్యాడ్ వచ్చినా కంగారు పడొద్దు. ‘షి సెడ్ దట్ షి హ్యాడ్ హ్యాడ్ ఫీవర్’ సరైన వాక్యమే. రెండో హ్యాడ్ జ్వరం రావడం, మొదటిది అప్పటికే. క్లాసులో ఈ వాక్యం రాస్తే వెనక బెంచీలో తప్పకుండా ఒక నవ్వు వస్తుంది. అలాగే ‘హి సెడ్ హి హ్యాడ్ టు గో’ లోని హ్యాడ్ మన హ్యాడ్ కాదు. అది వెళ్లాలి అనే అవసరం మాత్రమే.

నాలుగో మెట్టు: ఒక్కో క్రియ గుణం

సెడ్, టోల్డ్ మధ్య తేడా చాలామందికి తెలుసు, అయినా నోరు జారుతుంది. టోల్డ్ వెంటనే ఎవరికి చెప్పారో రావాలి: ‘హి టోల్డ్ మి దట్...’ సెడ్ తర్వాత మనిషి అక్కర్లేదు. ‘హి సెడ్ మి’ అనేది లేదు.

థాట్ చాలా ఉపయోగపడే క్రియ. బెంగళూరు వెళ్లిపోయాడనుకున్న స్నేహితుడు సప్తగిరి సర్కిల్‌లో ఎదురుపడితే మనం ఏమంటాం? ‘ఏమప్పా, బెంగళూరు పోయినావనుకుంటినే!’ ఇంగ్లీషులో అది ‘ఐ థాట్ యు హ్యాడ్ గాన్ టు బెంగళూరు!’ థాట్ గతంలో ఉండి, దాని వెంట హ్యాడ్ గాన్ వచ్చింది. నేనలా అనుకున్నాను, తీరా చూస్తే నువ్వు ఇక్కడే ఉన్నావే అన్న భావం థాట్ వల్లే పలుకుతుంది. ఇక్కడ థింక్ అని వర్తమానంలో పెడితే ఆ ఆశ్చర్యం పోతుంది. ఎదుటివాణ్ణి చూస్తూ ‘ఐ థింక్ యు హ్యావ్ గాన్’ అంటే వినేవాళ్లకు తల తిరుగుతుంది.

రియలైజ్డ్, రిమెంబర్డ్, ఫౌండ్ అవుట్, నోటిస్డ్ తర్వాత హ్యాడ్ చాలా సహజంగా వస్తుంది, ఎందుకంటే తెలియడం ఎప్పుడూ జరిగిన తర్వాతే. పరీక్ష సెంటరు గేటు దగ్గర సంచి వెతికి: ‘ఐ రియలైజ్డ్ దట్ ఐ హ్యాడ్ లెఫ్ట్ మై హాల్ టికెట్ ఎట్ హోమ్.’ ఆ టెన్షన్‌లో వ్యాకరణం ఎవరూ చూడరు, కానీ తర్వాత ఆ సంగతి రాసేటప్పుడు ఈ రూపమే కావాలి.

డినైడ్ దగ్గర మనవాళ్లు బోల్తా పడతారు. తెలుగులో ‘డబ్బు తీసుకోలేదని బుకాయించాడు’ అంటాం. లేదు అనే మాట అందులోనే ఉంది కదా అని ఇంగ్లీషులోనూ నాట్ పెట్టేస్తారు: ‘హి డినైడ్ దట్ హి హ్యాడ్ నాట్ టేకెన్ ద మనీ.’ దీని అర్థం, తీసుకోలేదన్న మాటను అతను కాదన్నాడు, అంటే తీసుకున్నట్టు ఒప్పుకున్నాడని! డినైడ్‌లోనే లేదు ఉంది. కాబట్టి ‘హి డినైడ్ దట్ హి హ్యాడ్ టేకెన్ ద మనీ’ అనాలి. ‘హి డినైడ్ టేకింగ్ ద మనీ’ అన్నా సరిపోతుంది, నోటి మాటలో అదే తేలిక. అడ్మిటెడ్ కూడా ఇలా రెండు విధాలుగా నడుస్తుంది.

హోప్డ్, ఎక్స్‌పెక్టెడ్, ఇంటెండెడ్ వేరే జాతి. వీటిలో హ్యాడ్ తర్వాతి వాక్యానికి కాదు, అనుకునే క్రియకే తగులుతుంది. ‘వి హ్యాడ్ హోప్డ్ దట్ ఇట్ వుడ్ రైన్ ఇన్ జూన్.’ శెనక్కాయ విత్తుదామని జూన్‌లో వాన కోసం చూశాం. హ్యాడ్ హోప్డ్ అన్నామంటే ఆ వాన రాలేదని వినేవాడికి చెప్పకనే అర్థమవుతుంది. ‘వి హోప్డ్’ అని ఊరికే అంటే వాన సంగతి తేలదు. నిరాశను మర్యాదగా చెప్పడానికి ఇంతకన్నా మంచి రూపం లేదు, లోన్ అప్లికేషన్లలో, విన్నపాల్లో నేను దీన్నే సిఫారసు చేస్తాను.

ఐదో మెట్టు: హ్యాడ్ ఎక్కడ వదిలేయొచ్చు

సంవత్సరమో, తేదీయో వాక్యంలో ఉండి క్రమం దానంతటదే తెలిసిపోతే హ్యాడ్ లేకపోయినా ఫరవాలేదు. ‘అవర్ టీచర్ సెడ్ దట్ కర్నూల్ బికేమ్ ద క్యాపిటల్ ఆఫ్ ఆంధ్రా స్టేట్ ఇన్ 1953.’ టీచర్ చెప్పడం 1953 తర్వాతే అని ఎవరికైనా తెలుసు, కాబట్టి బికేమ్ సరిపోయింది. ఇంగ్లీష్ పత్రికలు కూడా చరిత్ర సంగతులను ఇలాగే రాస్తుంటాయి. కానీ రాజధాని 1956లో హైదరాబాదుకు మారిన తర్వాత ఒకరు ఉద్యోగం కోసం కర్నూలు వచ్చారనుకోండి. ‘హి ఫౌండ్ అవుట్ దట్ ద ఆఫీసెస్ హ్యాడ్ మూవ్డ్’ అనాలి. తేదీ లేదు, క్రమం మీదే కథంతా నడుస్తోంది.

ఇప్పటికీ నిజమైన సంగతిని వర్తమానంలోనే ఉంచొచ్చు: ‘హి సెడ్ దట్ ద తుంగభద్ర ఫ్లోస్ పాస్ట్ కర్నూల్.’ కుడ్, వుడ్, షుడ్, మైట్ మారవు. ‘ఐ వాజ్ స్లీపింగ్ వెన్ ద ఫోన్ ర్యాంగ్’ లాంటి మాటను చేరవేసేటప్పుడు మామూలుగా దాన్ని కదల్చరు: ‘హి సెడ్ హి వాజ్ స్లీపింగ్ వెన్ ద ఫోన్ ర్యాంగ్.’

పరీక్షల మాట వేరు. స్కూలు ప్రశ్నపత్రంలో గానీ, పోటీ పరీక్షలో గానీ డైరెక్ట్ నుంచి ఇన్‌డైరెక్ట్‌కు మార్చమంటే, లోపల సింపుల్ పాస్ట్ ఉన్నచోట హ్యాడ్ పెట్టేయండి. అక్కడ దిద్దేవాడు చూసేది సూత్రాన్ని. ఒక్క చారిత్రక సత్యాలకే మినహాయింపు ఇస్తారు.

ఆరో మెట్టు: కాలం పేర్లు

హ్యాడ్ పెట్టి యెస్టర్డే అలాగే వదిలేస్తే లెక్క తప్పుతుంది. యెస్టర్డే కాస్తా ద డే బిఫోర్, లాస్ట్ వీక్ కాస్తా ద వీక్ బిఫోర్, అగో కాస్తా బిఫోర్ లేదా ఎర్లియర్ అవుతాయి. చెప్పిన రోజే చేరవేస్తుంటే మార్చనక్కర్లేదు. పొద్దున విన్నది సాయంత్రం చెబుతున్నప్పుడు నిన్న నిన్నే కదా.

ఏడో మెట్టు: ఒక ఉత్తరం రాద్దాం

తాడిపత్రిలో బస్సు దిగిన ఒక మామ ఫోను సీట్లో మర్చిపోయాడు. డిపోకు రాయడానికి అల్లుడి సాయం అడిగాడు. మామ చెప్పింది ఇది:

‘నాలుగున్నరకు దిగినా. ఫోను సంచిలో పెట్టినా అనుకుంటి. ఇంటికి పోయి చూస్తే సీట్లోనే విడిచిపెట్టినా అని తెలిసె. డిపోకు ఫోన్ కొట్టినా. ఎవరూ ఫోను తెచ్చియ్యలేదు అన్నాడు క్లర్కు. బస్సు అనంతపురానికి తిరిగి పోయింది అన్నాడు. కండక్టర్‌ను అడుగుతా అన్నాడు.’

అల్లుడు రాసింది ఇది:

‘ఐ గాట్ ఆఫ్ ద బస్ ఎట్ 4:30. ఐ థాట్ ఐ హ్యాడ్ పుట్ మై ఫోన్ ఇన్ మై బ్యాగ్. ఎట్ హోమ్ ఐ రియలైజ్డ్ దట్ ఐ హ్యాడ్ లెఫ్ట్ ఇట్ ఆన్ ద సీట్. ఐ కాల్డ్ ద డిపో. ద క్లర్క్ సెడ్ దట్ నోబడీ హ్యాడ్ హ్యాండెడ్ ఇన్ ఎ ఫోన్ అండ్ దట్ ద బస్ హ్యాడ్ గాన్ బ్యాక్ టు అనంతపూర్. హి సెడ్ హి వుడ్ ఆస్క్ ద కండక్టర్.’

గాట్ ఆఫ్, కాల్డ్ అనేవి కథ నడిచే వరుసలో ఉన్నాయి కాబట్టి వాటికి హ్యాడ్ లేదు. ‘ఐ హ్యాడ్ గాట్ ఆఫ్’ అని మొదలుపెడితే చదివే క్లర్కు దేనికి ముందు దిగావని వెతుక్కుంటాడు. థాట్, రియలైజ్డ్, సెడ్ కూడా ఆ వరుసవే. పెట్టడం, విడిచిపెట్టడం, తెచ్చివ్వడం, తిరిగిపోవడం ఆ వరుస నుంచి ఒక అడుగు వెనక్కి పోయినవి, వాటన్నిటికీ హ్యాడ్ వచ్చింది. తెచ్చియ్యలేదు లోని లేదును అల్లుడు నోబడీలోకి తీసుకున్నాడు, అందుకే హ్యాడ్ నాట్ అని మళ్లీ రాయలేదు. కండక్టర్‌ను అడగడం ముందుకు జరిగేది, దానికి వుడ్.

ఇక మీరు చేయండి. కింది మూడు తెలుగు వాక్యాలను ముందు కాగితం మీద ఇంగ్లీషులో రాసి, తర్వాతే జవాబులు చూడండి.

‘పొలంలో వజ్రం దొరికింది అని జొన్నగిరి రైతు చెప్పినాడు.’ ‘మనకు సీటు దొరుకుతుంది అనుకుంటిమి.’ ‘మా నాయన గుంతకల్లులో రైల్వేలో పనిచేసేవాడు అని ఆమె చెప్పింది.’

మొదటిదానికి ‘ఎ ఫార్మర్ ఇన్ జొన్నగిరి సెడ్ దట్ హి హ్యాడ్ ఫౌండ్ ఎ డైమండ్ ఇన్ హిజ్ ఫీల్డ్.’ రెండోది ‘వి థాట్ వి వుడ్ గెట్ ఎ సీట్.’ అనుకుంటిమి అనే రూపం చూసి హ్యాడ్ థాట్ అని రాసి ఉంటే రెండో మెట్టు మళ్లీ చదవండి. సీటు దొరక్కపోయిన బాధ కూడా చెప్పాలనుకుంటే మాత్రం ‘వి హ్యాడ్ హోప్డ్ టు గెట్ ఎ సీట్’ అనొచ్చు. మూడోదానికి ‘షి సెడ్ దట్ హర్ ఫాదర్ హ్యాడ్ వర్క్డ్ ఇన్ ద రైల్వేస్ ఎట్ గుంతకల్.’ ఇక్కడ ‘వర్క్డ్’ అని మాత్రమే రాస్తే ఆయన అప్పటికింకా రిటైర్ కాలేదనుకునే అవకాశం ఉంది. ‘యూజ్డ్ టు వర్క్’ అని రాసినవాళ్లది కూడా సరైన జవాబే, దానికి హ్యాడ్ అక్కర్లేదు.